ఒకటో నెంబరు రక్తం

మా ముత్తాత తండ్రి పదకొండు ఊళ్ళకు పాళెగాడు. కుంఫిణీవాళ్ళు వచ్చి కోట గోడలు పడగొట్టి, కత్తులన్నీ బండ్లకెత్తించుకొని పోయి, ఆయనకు నెలనెలా పింఛను ఏర్పాటు చేశారు. మా ముత్తాత ఆ పింఛను మీదనే బతికాడు. అయినా ఆయన ఆదోని సంతకు వస్తే ఎదురుబండ్లు దారి పక్కకు తొలిగేవి. మా తాత తాలూకా బోర్డులో మెంబరు. కలెక్టరు మకాం వేస్తే ఎదుట కుర్చీలో కూర్చునే నలుగురిలో ఆయనొకడు. ఆయన వెండి హుక్కా తాగేవాడు. దానికి నీళ్ళు మార్చడానికి ఒక మనిషి, నిప్పు అందించడానికి మరొక మనిషి ఉండేవారు. మా నాయనకు దొరికింది కోర్టు వరండాలో బెంచీ. ఇరవై రెండేళ్ళు బళ్ళారికీ మద్రాసుకూ తిరిగి దాయాదుల మీద వ్యాజ్యం నడిపాడు. వ్యాజ్యం గెలిచిన ఏడాదే దాని అప్పుల కింద భూమి పోయింది. ఆయన కొడుకును నేను. ఆదోనిలో పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర స్టూలు మీద కూర్చునేవాణ్ణి.

మా తాత తర్వాత మా ఇంట్లో ఎవరూ పొగ తాగలేదు. దీన్ని నీతి అనుకోవద్దు. రెండో అప్పీలు నాటికి వెండి హుక్కా ఇల్లు వదిలింది. దాని బదులు బీడీ తాగడానికి మా నాయనకు మనసొప్పలేదు. హుక్కా తాగిన ఇంట్లో బీడీ పొగ లేవకూడదని ఒకసారి అన్నాడు. ఆయన చెప్పిన వాటిలో ఖర్చు లేకుండా పాటించగలిగింది అదొక్కటే కాబట్టి నేను దాన్ని తప్పకుండా పాటించాను.

మా తాలూకా బళ్ళారి నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసిన కొత్త రోజులవి. కర్నూలు రాజధాని అయిందని, ఆఫీసులన్నీ డేరాల్లో నడుస్తున్నాయని, కొంచెం చదువు ఉన్నవాడికల్లా ఉద్యోగమని జనం చెప్పుకొనేవారు. నేను పోలేదు. డేరా ముందర అర్జీ పట్టుకొని నిలబడడం నాకు చేతకాదు. మిల్లు షావుకారే మనిషిని పంపి నన్ను పిలిపించుకున్నాడు. అందుకే ఒప్పుకున్నాను. ఆయన తాత మా వసారా కింది మెట్టు మీద కూర్చొని గుడ్డల మూట విప్పేవాడని మా అమ్మ చెప్పేది. పాళెగాని వంశపువాడు తన గేటు దగ్గర ఉండడం ఆయనకు ముచ్చటగా ఉండిందని నాకు అప్పుడే తెలుసు. తెలిసీ ఒప్పుకున్నాను.

నా పని జడ్తీ. దూది ఉన్నచోట నిప్పు ఉండకూడదు గనుక, లోపలికి పోయే ప్రతి మగవాని నడుమూ, తలగుడ్డా, మొలసంచీ తడిమి చూసి బీడీలూ అగ్గిపెట్టెలూ తీసి పక్కన పెట్టాలి. సాయంత్రం ఎవరివి వాళ్ళకు ఇవ్వాలి. ఆడకూలీలను చూడడానికి ఒక ముసలామె ఉండేది. నా గేటు దాటి ఒక్క బీడీ పోదని షావుకారుకు నేను మాట ఇచ్చాను. ఆయన అడక్కుండానే ఇచ్చాను.

ఆ పని చేసే మనిషి ఎట్లా ఉండాలో నాకొక లెక్క ఉండేది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన పంచె, మెడ దాకా గుండీలు పెట్టిన తెల్లకోటు, మడత చెదరని తలరుమాలు. వాటి మీద ఒక ముడత ఉన్నా నేను కూలివాళ్ళ నడుములు తడిమే కూలివాణ్ణే అవుతాను. ముడత లేకపోతే అది తనిఖీ.

మా ఇంటికి తరతరాలుగా ఒక చాకలి కుటుంబం ఉండేది. ఏడాదికి ఇంత జొన్న అని కొలిచి ఇచ్చేవాళ్ళం. జొన్న కొలవడం ఆగిపోయిన తర్వాత కూడా ఆ పెద్దాయన నాలుగేళ్ళు మా బట్టలు మోశాడు. ఆయన పోయాక కొడుకు మిల్లు బాటలో రేకుల కింద ఇస్త్రీ దుకాణం పెట్టాడు. ఉతికేది ఉండదు, ఇస్త్రీ మాత్రమే, బట్టకింత అని చేతికి ఇచ్చి తీసుకోవాలి. జిన్ను దగ్గర పనిచేసేవాళ్ళు పండగలకు చొక్కాలు తెచ్చి అక్కడ వరసలో నిలబడేవారు. నేను ఆ వరసలో నిలబడలేదు. మా ఇంట్లో తాత కాలపు ఇత్తడి ఇస్త్రీపెట్టె ఉండేది. కోడిపుంజు బొమ్మ గొళ్ళెం, కాలిన టేకు పిడి, అయిదు సేర్ల బరువు. దాంతో నా బట్టలు నేనే ఇస్త్రీ చేసుకొనేవాణ్ణి.

ఈ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. మేముండింది తాత కోర్టు పనులకు వచ్చినప్పుడు దిగడానికి టౌనులో కట్టించిన ఇల్లు. అందులో మూడు వంతులు బాడుగకు ఇచ్చేశాం. నడవలో ఎప్పుడూ బాడుగవాళ్ళు తిరుగుతూ ఉండేవారు. అందువల్ల నేను గింజల కొట్టులో ఇస్త్రీ చేసుకొనేవాణ్ణి. దానికి కిటికీ లేదు. ఎలుకలు దూరకుండా తలుపు అంచులకు గోనెపట్టా కొట్టి ఉండేది. జొన్నలు లేని కొట్టు అది. రోజూ పొద్దున దీపం పెట్టుకొని, పెట్టెలో బొగ్గులు రాజేసుకొని, తలుపు మూసుకొని గంటసేపు రుద్దేవాణ్ణి. బయటికి వచ్చేటప్పటికి కణతలు అదిరేవి. ఒక్కోసారి కాళ్ళు తేలిపోయేవి. మా తాతకూ పొద్దున పూట తలనొప్పి ఉండేదని అమ్మ చెప్పింది. ఆ నొప్పి వంశంలోనిదే అనుకున్నాను. ఆస్తి రాకపోయినా ఇదొకటి వచ్చిందని లోపల కొంచెం గర్వపడ్డాను కూడా. తలుపు తెరిచి పెట్టుకోమని నా భార్య చాలాసార్లు చెప్పింది. నేను వినలేదు.

నేను చేరిన కొన్నేళ్ళకు ఒకరోజు దూది గదిలో ఒక మూల పొగ లేచింది. నాలుగు బిందెల నీళ్ళతో ఆరిపోయింది. కాలింది కూడా తక్కువే. అయితే తడిసిన దూది ఎత్తుతుంటే కింద సగం కాలిన బీడీ ముక్క దొరికింది. షావుకారు దాన్ని కాగితంలో పెట్టుకొని గేటు దగ్గరికి వచ్చాడు. కాగితం విప్పి చూపించి, మళ్ళీ మడిచి జేబులో వేసుకొని పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మిల్లుకు వారానికి రెండుసార్లు ఒక డాక్టరు వచ్చేవాడు. కడప మనిషి, చదువు ముగించి ఏడాది కూడా కాలేదు. చేతులు నలిగినవాళ్ళకు కట్లు కట్టడం, దుమ్ముకు దగ్గేవాళ్ళకు మందు పోయడం ఆయన పని. బీడీ తాగేవాణ్ణి రక్తం చూసి పట్టవచ్చని షావుకారుకు ఆయనే చెప్పాడు. పొగలో ఒక గాలి ఉంటుందట. దానికి రంగూ వాసనా ఉండవట. అది రక్తంలోని ఎరుపును పట్టుకొని ఒక పట్టాన వదలదట. ఆ రక్తాన్ని నీళ్ళలో కలిపి, కరక్కాయలో ఉండే వగరు లాంటిదే ఒక మందు కలిపి ఒక రాత్రి పెడితే, మామూలు రక్తమైతే బురద రంగుకు తిరుగుతుంది, పొగ పట్టిన రక్తమైతే ఎర్రగానే నిలుస్తుంది. బొగ్గు గనుల్లో చచ్చినవాళ్ళ రక్తాన్ని ఇట్లాగే చూస్తారని, బీడీకి కూడా పనికి రావాలని ఆయన అన్నాడు. పనికి వస్తుంది అనలేదు, పనికి రావాలి అన్నాడు. ఆ తేడా షావుకారుకు వినిపించలేదు. నాకూ వినిపించలేదు.

పరీక్ష సంగతి ముందురోజే మిల్లంతా పాకింది. ఇంజన్ నడిపే ఒకాయన ఉండేవాడు, యంత్రాలకు నూనె వేయడానికి దూది గదిలోనూ తిరిగేవాడు. వయసులో నాకంటే పెద్దవాడు, సాయబు, నోరు మంచిది. సాయంత్రం గేటు దగ్గర బీడీ కట్ట తీసుకుంటూ, "రేపు పొద్దున్నుంచి ఎవురూ ముట్టించొద్దు రా. మీ రక్తం మీ మీదనే సాక్షి చెప్తాదంట," అని అందరికీ చెప్పాడు. కట్టను మళ్ళీ నా చేతిలోనే పెట్టి, "దొరా, ఇది నీ దగ్గరనే ఉండనీ. నా దగ్గర పెట్టుకుంటే నన్ను నేనే నమ్మను," అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నేను ఆ గేటు దగ్గర నవ్వినట్టు నాకు జ్ఞాపకం లేదు.

ఆ పరీక్షలో నా పేరు లేదు. షావుకారు నన్ను కలపలేదు. దూది గదిలో తిరిగే మగవాళ్ళు పద్దెనిమిది మంది, వాళ్ళకే అన్నాడు. అది మర్యాదే. ఆ మర్యాదను నేను అవమానంగా తీసుకున్నాను. కాపలావాణ్ణి వదిలిపెట్టి కూలివాళ్ళ రక్తం తీస్తే రేపు వాళ్ళేమంటారని అడిగాను. మొదట నాదే తీయమన్నాను.

పద్దెనిమిది మంది ముందర చేయి చాపబోతున్నాను కాబట్టి మరునాడు పొద్దున మామూలు కంటే ఎక్కువ శ్రద్ధగా ఇస్త్రీ చేశాను. కోటు రెండుసార్లు, రుమాలు రెండుసార్లు. ముందురోజు చినుకులు పడి బొగ్గులు చెమ్మగిల్లాయి. సరిగా రాజుకోలేదు. విసురుతూ రుద్దుతూ గంటన్నర పట్టింది. తలుపు తీసి నడవలోకి వచ్చేసరికి గోడ పట్టుకోవలసి వచ్చింది. మా తాతను తలుచుకొని నిటారుగా నిలబడి మిల్లుకు నడిచాను.

డాక్టరు నా వేలు పొడిచి చుక్కలు పిండి, ఒకటి అని చీటీ అంటించిన గాజుగొట్టంలో వేశాడు. తర్వాత పద్దెనిమిది మంది. ఇంజన్ ఆయన వేలు ఇస్తూ, తన రక్తంలో డీజిలు కనిపిస్తే షావుకారుకు వాపసు పోయమన్నాడు. మందు కలిపి, గొట్టాలను ఒక చెక్కకు నిలబెట్టి, ఆఫీసు గది తాళం వేశారు.

మరునాడు పద్దెనిమిది గొట్టాలు వంకకు కొత్తనీళ్ళు వచ్చినప్పటి రంగుకు తిరిగాయి. ఒకటో నెంబరు మాత్రం దానిమ్మ గింజ మాదిరిగా ఉంది.

కిటికీ బయట గుమికూడినవాళ్ళు మొదట అది ఎవరిదో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తెలిసిన తర్వాత ముందున్నవాళ్ళు కళ్ళు దించుకొని కిటికీ నుంచి వెనక్కి జరిగారు. అది వాళ్ళు నాకిచ్చిన చివరి గౌరవం. వెనక నుంచి ఎవడో, "జడ్తీ చేసే చేతికే బీడీ కావాల్సొచ్చె గదప్పా," అన్నాడు. ఇంకొకడు అందుకొని, "మా బీడీలన్నీ సాయంత్రానికి ఒకటి తక్కువ ఎందుకుంటాండాయో ఇప్పుడు తెలిసె," అన్నాడు. అది అబద్ధం. ఒక్క బీడీ ఎప్పుడూ తగ్గలేదు. కానీ ఆ మాటకే నవ్వు పుట్టింది.

షావుకారు అందరినీ పంపేసి తలుపు దగ్గరగా వేశాడు. ఆయన గొంతు మెత్తగా ఉంది.

"ఏమప్పా, నువ్వుగూడానా? తాగితే తాగితివి, నాకు చెప్పి తాగుంటే ఏమి పాయె?"

నేను బీడీ ముట్టనని చెప్పాను. మా ఇంట్లో ఎవరూ ముట్టరని చెప్పాను. ఆయన డాక్టరు వైపు చూశాడు. డాక్టరు గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. ఆయన మొహంలో తృప్తి లేదు, అనుమానం ఉంది. పద్దెనిమిది మందిలో పన్నెండు మందయినా బీడీ తాగేవాళ్ళేనని తనకు తెలుసుననీ, వాళ్ళ రక్తం బురద రంగుకు తిరగడం, నాది ఇంత ఎర్రగా ఉండడం తనకు అర్థం కాలేదనీ అన్నాడు. ఒక బీడీ, రెండు బీడీలు తాగితే ఇంత ఎరుపు రాదన్నాడు. ఆ తర్వాత నన్ను అడిగాడు.

"మీ ఇంట్లో బొగ్గుల కుంపటి ఏమన్నా పెడ్తారా అండీ? తలుపులు మూసిన గదిలో కూర్చునే అలవాటు ఉందా? పొద్దున పూట తలనొప్పి వస్తుందా?"

నాకు అప్పుడే అంతా తెలిసిపోయింది. గింజల కొట్టు, గోనెపట్టా కొట్టిన తలుపు, ఇత్తడి పెట్టె, వంశపు తలనొప్పి, అన్నీ ఒక్కసారి వరసగా నిలబడ్డాయి. మా ప్రాంతంలో నేలలో తవ్విన జొన్నల పాతర తెరిస్తే, లోపల చెడ్డగాలి ఉంటుందని వెంటనే ఎవరూ దిగరు. దీపం దించి, అది ఆరకపోతేనే మనిషిని దించుతారు. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. పాతరకు అంత జాగ్రత్త తెలిసినవాణ్ణి, ఇంట్లోనే ఒక పాతర కట్టుకొని రోజూ దిగుతూ వచ్చాను.

ఒక్క మాట చాలు. పొద్దున పూట తలుపు మూసుకొని నా బట్టలు నేను ఇస్త్రీ చేసుకుంటానండీ అంటే, డాక్టరు సంతోషంగా తల ఊపేవాడు. షావుకారు మళ్ళీ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. సాయంత్రానికి మిల్లంతటికీ ఆ మాట తెలిసేది. వరసలో నిలబడలేక పాళెగాని వంశపువాడు కొట్టులో దాక్కొని చాకలిపని చేసుకుంటాడని, ఆ తెల్లకోటు వెనక సంగతి ఇదని.

"మా ఇంట్లో వంట ఆడవాళ్ళు చేస్తారు. కుంపటి సంగతి నాకు తెలియదు," అన్నాను.

డాక్టరు గొట్టాన్ని తిరిగి చెక్కకు నిలబెట్టాడు. వారం ఆగి మళ్ళీ ఒకసారి రక్తం చూద్దామన్నాడు. ఆ యువకుడు నా కోసం తలుపు ఇంకా కొంచెం తెరిచి పట్టుకున్నాడని నాకు తెలుసు. ఒకసారి ఇచ్చిన రక్తాన్ని మళ్ళీ ఇవ్వనని చెప్పాను. షావుకారు లేచి, గేటు పని ఇంకొకరికి అప్పచెప్పి పత్తిగింజల కొట్టంలో పని చూడమన్నాడు. తీసేయలేదు. అది కూడా దయే. అక్కరలేదని చెప్పి బయటికి వచ్చాను.

గేటు దగ్గర నా స్టూలు మీద అప్పటికే ఒకడు కూర్చొని ఉన్నాడు. నిన్నటిదాకా పత్తిగింజల మూటలు మోసినవాడు. నేను దాటబోతుంటే లేచి నిలబడ్డాడు.

"దొరా, కోపం చేసుకోవద్దు. ఇంక బయటికి పోయేటోళ్ళను గూడా చూడమన్యారు."

నేను చేతులు ఎత్తి నిలబడ్డాను. నేనే ఏర్పాటు చేసిన పద్ధతి అది. చేతులు ఎత్తాలి, కాళ్ళు కొంచెం ఎడం పెట్టాలి. వాని చేతులకు గింజల నూనె ఉంది. కోటు జేబులు, నడుము, రుమాలు, అన్నీ తడిమాడు. రుమాలు విప్పి మళ్ళీ చుట్టడం వానికి రాలేదు. చేతిలో పెట్టాడు. నా దగ్గర ఏమీ దొరకలేదు. పొద్దున గంటసేపు రుద్దిన కోటు మీద పది వేళ్ళ జిడ్డు మిగిలింది.

ఇంటికి పోయే దారి ఇస్త్రీ దుకాణం ముందు నుంచే. మా చాకలి పెద్దాయన కొడుకు నన్ను చూసి, పెట్టె పక్కన పెట్టి రోడ్డు మీదికి వచ్చాడు. వార్త నాకంటే ముందే వచ్చి ఉంది. నా కోటు వైపు చూశాడు. చాకలి కన్ను అది, మడతను చూస్తే ఆ బట్ట ఎవరి చేతిలో నుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

"దొరా, ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు. ఆ కోటు ఇస్త్రీ ఎవురిదో నాకు శానా దినాల నుంచి తెలుసు. కాలరు కాడ మా నాయన మాదిరి తిప్పుతావు నువ్వు. తలుపేసుకొని బొగ్గుపెట్టె పట్టగూడదు. మా నాయన ఒగసారి అట్లనే పడిపోయినాడు. అది బొగ్గు పొగ. బీడీ గాదు. నేను పోయి షావుకారుకు చెప్పొస్తా."

వాడు అప్పుడే తువ్వాలు భుజాన వేసుకున్నాడు. నేను వాని చేయి పట్టుకున్నాను. చెప్పొద్దని అన్నాను. చెబితే మీ నాయన మీద ఒట్టు అన్నాను. వాడు నన్ను అర్థం కానట్టు చూసి, మెల్లగా చేయి విడిపించుకొని పోయి పెట్టె అందుకున్నాడు. ఒట్టు నిలబెట్టుకున్నాడు. బయటివాళ్ళలో నన్ను కాపాడగలిగినవాడు వాడొక్కడే. వాని నోరు నేనే మూశాను.

నా భార్య ఆ సాయంత్రం కోటు ఉడకపెట్టి, నూనె మరకలు పోకపోయినా పిండి ఆరేసింది. రెండు రోజుల తర్వాత అన్నం పెడుతూ, "బీడీ తాగినాడంటే ఓర్చుకుంటిరి. ఇస్త్రీ చేసుకున్నాడంటే ఓర్చుకోలేకపోతిరా," అంది. నేను తినకుండా లేవలేదు. లేస్తే ఆమె మాట నిజమవుతుందనుకొని మెతుకు మిగలకుండా తిన్నాను.

నెల గడిచిన తర్వాత ఇంజన్ ఆయన ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు. గడప బయటే నిలబడి, ఆ బీడీ ముక్క తనదేనని చెప్పాడు. ఏళ్ళ తరబడి నూనెడబ్బా అడుగున రేకు కింద రెండు బీడీలు, నాలుగు పుల్లలు పెట్టుకొని లోపలికి తెచ్చేవాడట. నేను ఆయన నడుము, తలగుడ్డ, సంచీ రోజూ చూశాను. డబ్బా ఎన్నడూ ముట్టలేదు. కోటుకు నూనె అంటుతుందని.

"నువ్వు డబ్బా పట్టవని నాకు తెలుసు దొరా. దాని మీదనే నా ధైర్యం. పోయి చెప్పమంటావా షావుకారుతో? నాకు పిల్లోళ్ళు అయిదుమంది ఉండారు. అయినా చెప్పమంటే చెప్తా," అన్నాడు.

ఆయన ఇంటికి వచ్చి నా ముందర తల వంచడం ఆ ఏడాదిలో నాకు దక్కిన ఒకే ఒక మర్యాద. దాన్ని అనుభవించడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది. వద్దని పంపేశాను. ఇది ఔదార్యం అని ఆయన బజారులో చెప్పుకున్నాడని తర్వాత విన్నాను. ఔదార్యం కాదు. ఆయన బీడీ ఒప్పుకున్నా నా రక్తం ఎర్రగానే మిగులుతుంది, మళ్ళీ కుంపటి ప్రశ్న దగ్గరికే రావాలి.

డాక్టరు ఆ పరీక్ష మళ్ళీ చేయలేదు. రెండు మూడు సార్లు బాటలో ఎదురైతే నమస్కారం పెట్టాడు. తలనొప్పి ఎట్లా ఉందని ఒకసారి అడిగాడు. లేదని చెప్పాను. నిజంగానే లేదు. గేటు పని పోయిన తర్వాత ఇస్త్రీ బట్టలతో అవసరం పడలేదు. కొట్టు తలుపు తెరిచే ఉండేది. మా తాత తలనొప్పి నాకు మళ్ళీ ఎన్నడూ రాలేదు. వంశంలో నుంచి నాకు వచ్చిందనుకున్న ఆఖరి వస్తువు కూడా మా వంశానిది కాదని అట్లా తెలిసింది.

నలభై దాటిన వయసులో నేను నందికొట్కూరులో ఒక విత్తనాల అంగట్లో చీటీలు రాయడానికి కుదిరాను. అక్కడ నన్ను ఎవరూ ఎరగరు. ముడతల చొక్కా వేసుకొని పోయేవాణ్ణి. కొందరు నన్ను బీడీ అడిగేవారు. లేదని చెప్పేవాణ్ణి, అంతే.

ఆదోని ఇల్లు ఖాళీ చేసే ముందు ఇత్తడి ఇస్త్రీపెట్టె అమ్మేశాము. కొన్నది మా చాకలి పెద్దాయన కొడుకు.